ఆ రోజు ఆమె ‘ఊఁ’ అనలేదు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, జడ్చర్లలో మా మీసేవ షట్టర్ లేపి ప్రింటర్‌లో కాగితాలు సర్దుతుండగా ఒకాయన వచ్చాడు. వెంట కూతురు. ఆమె చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్ జిరాక్సులు, రేషన్ కార్డు, రెండు పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు. ఆయన కౌంటర్ మీదికి వంగి గొంతు తగ్గించి, “భాయ్, పుట్టిన తారీఖు రెండేళ్లు వెనక్కి జరపాలె. లేకుంటే షాదీ ముబారక్ రాదంట” అన్నాడు. మైనారిటీ ఆడపిల్లల పెళ్లికి సర్కారు ఇచ్చే డబ్బు అది. పిల్ల పదో తరగతి. మేం మాట్లాడుతున్నంతసేపూ గోడకున్న రేట్ల బోర్డు చదువుతూ నిలబడింది. పైనుంచి కింది దాకా చదివి, మళ్లీ మొదటి నుంచి చదివింది.

చెయ్యనన్నాను. అది నేరమని కూడా చెప్పాను. ఆయనకు కోపమొచ్చింది. “మన షరియత్‌లో పదిహేనేళ్లకే బాలిగ్ (యుక్తవయసు) అని లేదా? మీ అబ్బా నాయబ్ ఖాజీ గదా, నీకు తెల్వదా?” అన్నాడు.

తెలుసు. పదిహేను అనే ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో, దాన్ని మేం ఎలా వాడుకున్నామో మా ఇంట్లోనే చూశాను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

మా అబ్బా ముప్పై ఏళ్లు నిఖాలు చదివాడు. సియాహా పుస్తకం (నిఖా వివరాలు రాసే రిజిస్టర్), ఇంకు ప్యాడు ఉన్న సంచీ పట్టుకుని చిన్నప్పటి నుంచి ఆయన వెంట తిరిగాను. తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. మా పెళ్లిలో పెళ్లికూతురు మండపంలోకి రాదు. ఆమె తరఫున మాట్లాడే ఒక వకీలు, ఇద్దరు గవాలు (సాక్షులు) లోపలి గదికి వెళ్తారు. ఫలానా వాడి కొడుకు ఫలానా వాడితో, ఇంత మెహర్‌తో (పెళ్లికొడుకు పెళ్లికూతురికి ఇచ్చే సొమ్ము) నిఖా, నీ ఇజాజత్ (అనుమతి) ఉందా అని వకీలు అడుగుతాడు. ఆమె ఒప్పుకుంటేనే బయటికొచ్చి ఖాజీకి చెప్తాడు. ఆ తర్వాతే పెళ్లికొడుకుతో ‘ఖుబూల్’ అనిపిస్తారు. అంటే పెళ్లి మొత్తం ఆ లోపలి గదిలో ఆమె చెప్పే మాట మీద నిలబడి ఉంటుంది.

1996లో మా ఆపా (అక్క) కూతురి నిఖాకు నేనే వకీల్‌ని. నాకు ఇరవై రెండు. ఆమెకు పద్నాలుగు.

ఎందుకంత తొందర అంటే, మా బావ ఏటా బొంబాయి మట్టి పనికి పోయేవాడు, ఆపా కూడా వెంట పోయేది. పాలమూరులో అప్పట్లో సగం ఊళ్లు అంతే. ఇళ్లకు తాళాలు, అరుగుల మీద ముసలివాళ్లు. ఎదిగిన పిల్లను తీసుకుపోతే అక్కడ ఫుట్‌పాత్ పక్కన టార్పాలిన్ గుడిసె, వదిలిపెడితే ఇక్కడ ఎవరి కాపలా? ఆ టెన్షన్‌తో ఆపా రాత్రిళ్లు నిద్రపోయేది కాదు. సంబంధం వచ్చింది. నిఖా చేసేద్దాం, రుఖ్సతీ (అత్తారింటికి పంపడం) ఏడాదిన్నర ఆగి పెట్టుకుందాం అనుకున్నారు. వాళ్లను చెడ్డవాళ్లనడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు.

ఆ గది నాకు నిన్న చూసినట్టుంది. చాప మీద ఎర్ర దుపట్టా కప్పుకుని కూర్చుంది. చేతులు మాత్రమే బయటికి కనపడుతున్నాయి. మెహందీ బాగా పండింది. కుడిచేతి మధ్యవేలు పక్కన, పెన్ను ఆనే చోట, మెహందీ ఎరుపులోంచి నీలం సిరా మరక కనపడుతోంది. తొమ్మిదో తరగతి పిల్ల కదా. పెళ్లికొడుకు పేరు, వాళ్ల నాయన పేరు, మెహర్ పదకొండు వేలు అని చెప్పి, “ఇజాజత్ ఉందా బేటా?” అని అడిగాను. జవాబు లేదు. మళ్లీ అడిగాను. “సిగ్గు పడుతోంది” అన్నారు పక్కన ఆడవాళ్లు. మూడోసారి అడిగాను. మా ఖాలా చెయ్యి ఆ దుపట్టా మీదికి, తల వెనక్కి వెళ్లింది. తల కిందికి వంగింది. అందరూ అల్‌హందులిల్లా అన్నారు. నేను బయటికొచ్చి, ఇచ్చింది అని చెప్పాను.

అబ్బా సియాహాలో వయసు దగ్గర ఉర్దూ అంకెల్లో 18 అని రాశాడు. తన సొంత మనవరాలి వయసు.

కన్య మౌనమే ఆమె సమ్మతి అని హదీసులో, అంటే ప్రవక్త మాటల్లో, ఉంది. నేను దాని వెనక దాక్కున్నాను. కానీ ఆ హదీసు మొదలయ్యేదే, అడగకుండా ఆమె పెళ్లి చెయ్యకూడదు అనే మాటతో. మరి సిగ్గుపడితే ఎలా అన్నప్పుడు వచ్చిన జవాబు ఆ మౌనం. నోరు విప్పలేని పిల్లకు సాయంగా వచ్చిన వెసులుబాటును మేం ఆమె నోరు మూయించడానికి వాడాం. ఖన్సా బింత్ ఖిదామ్ అనే ఆవిడ, తండ్రి తన ఇష్టం లేకుండా నిఖా చేశాడని వచ్చి చెప్తే, ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం ఆ నిఖాను రద్దు చేశారని బుఖారీ హదీసుల సంకలనంలో ఉంది. ఇంకో అమ్మాయి అలాగే ఫిర్యాదుతో వస్తే, ఉంటావో వద్దంటావో నీ ఇష్టమని ఆమెకే వదిలేశారు. అప్పుడామె, మా నాన్న చేసింది ఒప్పుకుంటున్నాను, కానీ తండ్రులకు ఈ అధికారం లేదని ఆడవాళ్లందరికీ తెలియాలనే వచ్చాను అంది. ఈ సంగతి నసాయీ సంకలనంలో ఉంది. ఈ రెండు హదీసులూ మా అబ్బాకు తెలుసు. మసీదులో చెప్పగా నేనే విన్నాను.

ఇక పదిహేను సంగతి. శరీరంలో పెద్దరికం గుర్తులు కనపడితే బాలిగ్ అన్నారు ఫిఖ్ (ఇస్లాం ధర్మశాస్త్రం) పండితులు. గుర్తులు కనపడకపోతే ఎప్పటి దాకా చూడాలి? ఇమామ్ అబూ హనీఫా మగపిల్లలకు 18, ఆడపిల్లలకు 17 అన్నారు. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ ఇద్దరికీ 15 అన్నారు. మనవాళ్లు పట్టుకున్నది శిష్యుల మాట. కానీ గమనించండి, అది పెళ్లికి వయసు కాదు. అప్పటికీ గుర్తులు రాకపోయినా పెద్దవాళ్ల కింద లెక్కవేద్దాం అని గీసుకున్న గీత. నమాజు, రోజా (ఉపవాసం) ఆ రోజు నుంచి తప్పనిసరి. ఆ గీతను మనం పెళ్లి ముహూర్తం చేసుకున్నాం.

ఖురాన్ దగ్గరికే వెళ్దాం. నిసా సూరా (అధ్యాయం) 6వ ఆయత్ (వాక్యం) అనాథల ఆస్తి గురించి. నిఖా వయసు వచ్చే దాకా వాళ్లను పరీక్షిస్తూ ఉండండి, అప్పుడు వాళ్లలో ‘రుష్ద్’ కనపడితే ఆస్తి అప్పగించండి అంటుంది. రుష్ద్ అంటే మంచిచెడు తూచుకునే తెలివి. ఒళ్లు పెరగడం ఒకటి, రుష్ద్ రావడం ఇంకొకటి. రెండూ కలిస్తేనే ఆస్తి చేతికి. రుష్ద్ రాకపోతే? 25 ఏళ్లు వచ్చే దాకా ఆస్తి ఇవ్వకుండా ఆగమన్నారు అబూ హనీఫా. నాలుగు ఖర్జూర చెట్లు అప్పగించడానికి అన్నేళ్లు ఆగమన్న మతం మనది. అదే సూరాలో 21వ ఆయత్ పెళ్లిని గట్టి ఒప్పందం అంటుంది. గట్టి ఒప్పందానికి తెలివి అక్కర్లేదా?

నిజం దాచను. పిల్ల చిన్నదైనా తండ్రి నిఖా చెయ్యవచ్చనే పాతకాలం పండితుల్లో ఎక్కువమంది అన్నారు. కాదన్నవాళ్లు కొద్దిమంది. అబూ హనీఫా కాలంలోనే కూఫాలో ఖాజీగా ఉన్న ఇబ్న్ షుబ్రుమా, ఈ 6వ ఆయత్‌నే చూపించి, నిఖాకు ఒక వయసంటూ ఉందని అల్లాయే చెప్తుంటే అంతకు ముందు చేసే అధికారం మీకెక్కడిది అన్నాడు. ఆ మాట వెయ్యేళ్లకు పైగా పుస్తకాల్లోనే ఉండిపోయింది. 1917లో టర్కీ వాళ్ల ఉస్మానియా (ఒట్టోమన్) సామ్రాజ్యం కుటుంబ చట్టం రాసుకున్నప్పుడు ఆయన అభిప్రాయాన్నే తీసుకుంది. తర్వాత దేశం వెనక దేశం. మొరాకో 2004లో ఇద్దరికీ 18 అంది, ఈజిప్టు 2008లో అంది. ఇండోనేషియా 2019లో ఆడపిల్లలకు 16 నుంచి 19కి పెంచింది. వీళ్లెవరూ దీన్ (మతం) వదిలేసినవాళ్లు కాదు.

మా మేనకోడలికి రుఖ్సతీ అయ్యేసరికి పదిహేను దాటింది. మొదటి కాన్పు పదిహేడు నిండకముందే. బిడ్డ దక్కలేదు. ఆమె కోలుకోవడానికి ఏడాది పట్టింది. ఆ సంగతి ఇంతకంటే రాయలేను.

2004లో నాకు టైపింగ్ సెంటర్ ఉండేది. మహబూబ్‌నగర్ కోర్టు లాయర్ ఒకాయన ఇచ్చిన పిటిషన్ కొడుతుండగా 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టం, సెక్షన్ 2, ఏడో క్లాజు వచ్చింది. పదిహేనేళ్లు రాకముందే తండ్రి గానీ ఇంకెవరైనా పెద్దలు గానీ నిఖా చేసి ఉంటే, కాపురం మొదలవకపోతే, పద్దెనిమిది నిండకముందు ఆ అమ్మాయి ఆ పెళ్లి నాకొద్దు అనవచ్చు. ఫిఖ్‌లో దీన్ని ఖియారుల్ బులూగ్ అంటారు. పాత హనఫీ పద్ధతిలో (అబూ హనీఫా బాటలో) తండ్రి చేసిన పెళ్లికి ఆ హక్కు వర్తించదు. ఈ చట్టం తండ్రి చేసిన పెళ్లికి కూడా ఇచ్చింది. కీబోర్డు మీద చేతులు ఆగిపోయాయి. నిఖాకు రుఖ్సతీకి మధ్య ఏడాదిన్నర ఆమె పుట్టింట్లో కూర్చుంది. ఆ ఏడాదిన్నరలో ఏ రోజైనా ‘వద్దు’ అనే హక్కు ఆమె చేతిలో ఉంది. ఆమెకు చెప్పినవాడు లేడు. ఖాజీ ఇంట్లో ఉండి లేడు.

ఇప్పటి చట్టం తెలుసుకోవడం కష్టం కాదు. 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21. అంతకు ముందు చేసిన పెళ్లిని, మైనర్‌గా ఉన్నవాళ్లు 18 నిండాక రెండేళ్లలోపు కోర్టుకు పోయి రద్దు చేయించుకోవచ్చు. ఇది మన షరియత్ మీద నడుస్తుందా లేదా అని కోర్టుల్లో వాదన తేలలేదు. 2022లో పంజాబ్, హర్యానా హైకోర్టు పదహారేళ్ల ముస్లిం అమ్మాయి పెళ్లి చెల్లుతుందంది. 2024లో కేరళ హైకోర్టు ఈ చట్టం ఏ మతమైనా అందరికీ వర్తిస్తుందంది. కోర్టులు తేల్చే దాకా నేను ఆగను. పదిహేడేళ్ల పిల్ల గుంట భూమి అమ్ముతానంటే రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆమె సంతకం చెల్లదు. దానికి మాత్రం మనమెవరం షరియత్ గుర్తు చెయ్యం.

షాదీ ముబారక్ గురించి ఒక మాట. 2014 అక్టోబర్ 2న 51,000తో మొదలైంది, ఇప్పుడు 1,00,116. నిఖా రోజుకు అమ్మాయికి 18 నిండి ఉండాలి. ఈ ఒక్క షరతు కోసం రెండేళ్లు ఆగిన ఇళ్లు నా కౌంటర్ దగ్గరే చాలా చూశాను. ఆ రెండేళ్లలో ఇంటర్ అయిపోతుంది. ఒక్కోసారి అమ్మాయే, నేను డిగ్రీ చేస్తా అని నోరు విప్పుతుంది. డబ్బు కోసం ఆగినా ఆగడం ఆగడమే.

ఆ మంగళవారం ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి చాయ్ తెప్పించాను. ఇక్కడ రాసిందంతా చెప్పాను, సిరా మరకతో సహా. నిఖా పెట్టుకున్నారని తెలిస్తే 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కి నేనే ఫోన్ చేస్తానని కూడా చెప్పాను. ఆయన చాయ్ తాగలేదు. లేచి వెళ్లిపోయాడు. వెనకాల ఆ పిల్ల కవరు ఛాతీకి ఆనించుకుని వెళ్తూ, తలుపు దగ్గర ఆగి, “అంకుల్, పాలిసెట్ అప్లికేషన్ ఇక్కడ చేస్తారా?” అని అడిగింది. చేస్తానన్నాను. రోజూ బడికి పోతోందని ఆ ఊరి ఆటో అతను చెప్పాడు. ఇంకా అడుగుతూనే ఉంటాను.

2024లో మా మేనకోడలి కూతురి నిఖా. బీఎస్సీ చదివి ఉద్యోగం చేస్తోంది, ఇరవై మూడేళ్లు. వకీల్‌గా నువ్వే రావాలని మా మేనకోడలే అడిగింది. ఎందుకు నన్నే అని నేను అడగలేదు, తను చెప్పలేదు. లోపలికెళ్లి చాప మీద కూర్చున్నాను. గదిలో ఉన్న ఆడవాళ్లను కొంచెం దూరం జరగమన్నాను. పేర్లు చెప్పి, మెహర్ చెప్పి, ఇజాజత్ అడగబోతుంటే ఆమె దుపట్టా పైకి తీసుకుంది.

“నానా, సియాహా ఒకసారి ఇవ్వండి.” నానా అంటే మాకు తాత.

వేలు పెట్టి వరసగా చదివింది. మెహర్ దగ్గర ఆగింది. “రెండు తులాల బంగారం అనుకున్నాం కదా, ఇక్కడ రూపాయల్లో రాశారు. బంగారం రేటు పెరిగితే? ముందు ఇది దిద్దించుకురండి, తర్వాత అడగండి.”

పుస్తకం పట్టుకుని బయటికొచ్చాను. ఖాజీ సాబ్ కొట్టేసి, తులాలు రాసి, పక్కన సంతకం పెట్టారు. మళ్లీ లోపలికెళ్లి చూపించాను. చదువుకుంది. అప్పుడు అడిగాను.

“ఇచ్చాను” అంది. తలుపు దగ్గర నిలబడ్డ వాళ్లమ్మ దాకా వినపడింది.