అంతా బాగుందనే పేజీ

"అన్నా, లింకు నొక్కితే పేజీ లేదని వస్తాంది. నీ టూలేమో పచ్చ టిక్కు పెట్టింది!"

కాజీపేట స్టేషన్‌లో చాయ్ తాగుతుంటే తమ్ముడి స్క్రీన్‌షాట్. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి వాడు దాని మీద వ్యాసాల లింకులు పోగేస్తున్నాడు. అందులో ఏవి పనిచేస్తున్నాయో చూడటానికే ఈ టూల్ మొదలుపెట్టాను.

వాడు చెప్పింది నిజమే. తెర మీద పెద్ద అక్షరాలతో "పేజీ దొరకలేదు". వెనకాల సర్వర్ మాత్రం 404, అంటే పేజీ లేదు అనాల్సింది పోయి 200 అంటోంది, అంటే అంతా బాగుందని! దీన్ని సాఫ్ట్ 404 అంటారు. పోయిన లింకైనా నయం, పోయానని ఒప్పుకుంటుంది.

రైలు ఎలాగూ లేటు, అక్కడే కూర్చుని దీనికో ఉపాయం రాశాను. ఆ సైట్‌లో ఉండే అవకాశమే లేని ఒక పిచ్చి అడ్రస్‌ను టూల్ ముందే అడుగుతుంది. దానికీ 200 వచ్చిందా, ఇక ఆ సైట్ మాట నమ్మదు. ఆ పేజీనీ అసలు పేజీనీ పోల్చి చూస్తుంది. రెండూ ఒకేలా ఉంటే ఎర్ర గుర్తు.

ఇంకా కొన్ని సర్వర్లు హెడ్ రిక్వెస్ట్ (పేజీ వద్దు, దాని వివరాలు చాలు అని అడగడం) పంపితే 405, అంటే అలా అడగొద్దు అని కసురుకుంటాయి, గెట్ (పేజీ మొత్తం ఇమ్మనడం) పంపితే మర్యాదగా పేజీ ఇస్తాయి. వాటి సంగతి ఇంకోసారి.

"దీనికి డబ్బులు తీసుకోరాదూ?" అంటున్నారు ఇంట్లో. తమ్ముడి దగ్గర ఏం తీసుకుంటాం! ఫ్రీయే. కావాల్సినవాళ్లు ఇన్‌బాక్స్‌లో అడగండి, పంపిస్తా. ఫోన్‌లో నడవదు, కంప్యూటర్ ఉండాలి.