56 తర్వాత 112

రెండు వారాలకు మించి దగ్గు ఉంటే టీబీ ఉందేమో తెమడ పరీక్ష చేయించుకోమని ప్రతి పీహెచ్‌సీ గోడ మీదా రాసి ఉంటుంది. నేను ఏడో వారంలో చేయించుకున్నాను. మధ్యలో అయిదు వారాలు ఎట్లా పోయాయంటే, తిరుపతిలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో ముందు దగ్గు సిరప్పు, ఆ తర్వాత అయిదు రోజులు లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్. జ్వరం తగ్గింది, పది రోజులకు మళ్లీ తగులుకుంది. ఆ మందు టీబీ క్రిమిని కొంత అణచగలదు గానీ ఒంటరిగా మట్టుబెట్టలేదు. తగ్గినట్టే ఉంటుంది, రోగం మాత్రం బయటపడదు. దగ్గుకు తోడు సాయంకాలం జ్వరం, రాత్రి చెమటలు, బరువు పడిపోవడం కనిపిస్తుంటే తెమడ చూడకుండా ఆ జాతి మందు రాయకూడదు. నా ఉద్దేశంలో టీబీలో అసలు నష్టమంతా ఇక్కడే జరుగుతోంది, మందుల కొరత వల్ల కంటే ఎక్కువగా.

తిరుపతి ప్రభుత్వాసుపత్రి రుయాలో తెమడకు రెండు డబ్బాలిచ్చారు. ఒకటి అప్పటికప్పుడు ఇవ్వాలి, రెండోది మర్నాడు పొద్దున లేస్తూనే. నేనిచ్చిన మొదటి డబ్బాను ల్యాబ్ టెక్నీషియన్ వెలుతురుకు పెట్టి చూసి, “ఇది ఎంగిలన్నా, తెమడ కాదు” అని వెనక్కిచ్చేశాడు. ముందు మామూలు నీళ్లతో నోరు పుక్కిలించాలి. ఆరుబయట నిలబడి రెండు మూడు సార్లు గుండెల నిండా గాలి పీల్చి వదిలి, ఆ తర్వాత లోపలి నుంచి దగ్గాలి. చిక్కగా, జిగటగా 2 నుంచి 5 మిల్లీలీటర్లు పడితే చాలు. ఎంగిలిలో క్రిమి సరిగా దొరకదు, రిపోర్టు ‘లేదు’ అని రావచ్చు, మనిషి ధీమాగా ఇంటికెళ్లి ఇంట్లోవాళ్ల ముందు దగ్గుతూ కూర్చుంటాడు. మైక్రోస్కోపు కింద కనబడాలంటే మిల్లీలీటరుకు వేల క్రిములుండాలి. క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే సీబీనాట్ మిషనుకు వంద పైచిలుకు ఉన్నా పట్టుబడతాయి. సుమారు 2 గంటల్లో ఫలితం వస్తుంది, టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా అదే చెబుతుంది. నాకు టీబీ అని తేలాక షుగరు, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా వెంటనే చేసేశారు.

మాత్రల లెక్క బరువును బట్టి ఉంటుంది. 35 నుంచి 49 కిలోల వరకు రోజుకు 3, 50 నుంచి 64 వరకు 4. ఒక్కో మాత్రలో ఐసోనియజిడ్ 75, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఇథాంబుటాల్ 275 మిల్లీగ్రాములు. మొదటి 56 రోజులూ ఈ నాలుగు మందులు, తర్వాతి 112 రోజులూ పైరజినమైడ్ లేకుండా మిగతా మూడూ. అన్నీ ఒకేసారి, పరగడుపున. నేను 47 కిలోలతో మొదలుపెట్టాను కాబట్టి మూడు. రెండు నెలలకు 52 దాటేసరికి నాలుగు చేశారు. ప్రతి నెలా బరువు చూడమని మనమే అడగాలి. మనిషి పుంజుకున్నా డోసు పాతదే నడిస్తే మందు చాలదు.

మొదటి రోజే మూత్రం నారింజ రంగులో వచ్చింది. అది రిఫాంపిసిన్ రంగు, భయం లేదు. పైరజినమైడ్‌తో కీళ్లు పీకుతాయి, ఐసోనియజిడ్‌తో అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. తిమ్మిరి రాకుండా బి6 మాత్ర ఇస్తారు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రలు ఆపి అదే రోజు డాక్టరు దగ్గరికి పోవాలి, కాలేయం దెబ్బతింటున్న సూచన అది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోతే ఇథాంబుటాల్ పని. కడుపులో మంటని గ్యాస్ మాత్ర అదే వేళకు వేసుకుంటే ఐసోనియజిడ్ ఒంటికి సరిగా పట్టదు. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండింతలు మింగకూడదు.

కష్టమైంది మూడో నెల. దగ్గు పోయింది, సంగటి ముద్దలు రెండు దిగుతున్నాయి, చంద్రగిరి నుంచి రోజూ పనికి పోయి వస్తున్నాను. ఒళ్లు బాగయిపోయిందని చెబుతోంది, ఇంకా వంద రోజుల మాత్రలు మిగిలే ఉన్నాయి. నిద్రావస్థలో మిగిలిన క్రిములను చంపడానికే ఆ 112. ఇక్కడ ఆపేసినవాళ్లకు జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. మా ఆశా అక్క సరిగ్గా ఈ నెలలోనే వారానికి రెండుసార్లు వచ్చి ఖాళీ షీట్లు చూపించమనేది. అప్పట్లో విసుగొచ్చేది.

ఒకప్పుడు ఈ జబ్బంటే శానిటోరియమే, అంటే రోగులను నెలల తరబడి ఉంచుకునే ఆసుపత్రి. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియానికి ఎక్కడెక్కడి నుంచో రోగులొచ్చేవాళ్లు. 1948లో దేశంలో బీసీజీ టీకా మొదలైంది కూడా మదనపల్లెలోనే. 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనంలో, ఇంట్లో ఉండి మందులు వాడినవాళ్లకు కూడా ఆసుపత్రి మంచం మీదున్నవాళ్లంత బాగానే నయమైందని తేలింది. నేను ఇంట్లో ఉండి వైద్యం చేయించుకోగలిగానంటే దాని చలవే. అయితే ఆసుపత్రిలో దొరికే తిండి ఇంట్లో ఎవరిస్తారు? టీబీ రోగుల తిండికి ప్రభుత్వమిచ్చే నిక్షయ్ పోషణ్ కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చేవాళ్లు, 2024 నవంబరు నుంచి 1000 చేశారు. ప్రైవేటులో చూపించుకున్నవాళ్లకూ వస్తుంది, డాక్టరు ప్రభుత్వ టీబీ రికార్డు అయిన నిక్షయ్‌లో పేరు నమోదు చేయించి ఉండాలి. 2012 నుంచే ఆ నమోదు తప్పనిసరి.

నా డబ్బు రెండు నెలలు రాలేదు. బ్యాంకు పాస్‌బుక్కులో ఇంటిపేరు పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు. కంప్యూటరుకు ఇద్దరు మనుషుల్లా కనబడ్డాను. బ్యాంకులో పేరు సరిచేయించి కొత్త పాస్‌బుక్కు జిరాక్సు ఇస్తే కదిలింది. మొదటి రోజే రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఆ వెయ్యితో రోజుకు రెండు గుడ్లు, గుప్పెడు చెనిక్కాయలు గిట్టుబాటవుతాయి, అంతకు మించి ఆశించక్కర్లేదు.

రెండో నెల చివర తెమడ చూశారు, ఆరో నెల చివర మళ్లీ చూశారు. రెండుసార్లూ క్రిమి లేదు. ఇకముందు రెండేళ్లపాటు ఆరు నెలలకొకసారి పోయి చూపించుకోవాలి. ఇంట్లోవాళ్లకు ఎక్స్‌రే తీసి, జబ్బు లేదని తేలాకే నివారణ మాత్రలు మొదలుపెట్టారు. నా భార్యకు ఆరు నెలలు రోజూ ఐసోనియజిడ్. నాకంటే నెల ఆలస్యంగా మొదలైంది కాబట్టి ఆమెకు ఇంకా ఒక షీటు ఉంది. పొద్దున్నే గుర్తుచేసే పని ఇప్పుడు నాది.