అరసవల్లి కిరణాలు, విషువత్తు లెక్క

శ్రీకాకుళం పక్కన అరసవల్లిలో ఏటా రెండుసార్లు పొద్దుటి ఎండ అనివెట్టి మండపం దాటుకుని గర్భగుడిలోకి వెళ్ళి సూర్యనారాయణస్వామి పాదాల మీద పడుతుంది, మార్చి 9, 10 తారీఖుల్లో ఒకసారి, అక్టోబర్ 1, 2ల్లో ఇంకోసారి. మబ్బు పట్టిందా, తెల్లారకముందే వచ్చి క్యూలో నిలబడ్డ జనమంతా ఉసూరుమంటూ వెనక్కి పోవాల్సిందే.

మరి ఆ తారీఖులే ఎందుకు? సూర్యుడు రోజూ ఒకేచోట పొడవడు కదా, డిసెంబర్‌లో ఆగ్నేయం వైపుకి, జూన్‌లో ఈశాన్యం వైపుకి జరుగుతూ ఉంటాడు, సరిగ్గా తూర్పున పొడిచేది మాత్రం విషువత్తు రోజుల్లోనే, అంటే మార్చి 20 ప్రాంతంలో, మళ్ళీ సెప్టెంబర్ 22-23కి. మార్చిలో దానికి ఓ పదిరోజుల ముందు ఉత్తరానికి వస్తూ, సెప్టెంబర్ విషువత్తు దాటాక ఓ పదిరోజులకి దక్షిణానికి పోతూ, రెండుసార్లూ ఒకే చోట, తూర్పుకి ఓ నాలుగు డిగ్రీలు దక్షిణంగా పొడుస్తాడు. ఆ చోటి వెలుతురే స్వామి దాకా వెళ్తుంది. ఈ లెక్క తెలిశాక నాకు ఆ గుడి మీద గౌరవం ఇంకా పెరిగింది.

విషువత్తు రోజు పగలూ రాత్రీ సమానం అంటారు గానీ హైదరాబాద్‌లో ఆ రోజు పగలు 12 గంటల 7 నిమిషాల దాకా ఉంటుంది. సూర్యుడి పైఅంచు కనబడగానే సూర్యోదయం అని లెక్క, పైగా గాలి వెలుతురుని వంచడం వల్ల సూర్యుడు ఇంకా కిందే ఉన్నా మనకి ముందే కనబడతాడు.

అసలు విశేషం ఏంటంటే పగలు వేగంగా మారేది కూడా ఈ రోజుల్లోనే. మార్చిలో హైదరాబాద్‌లో రోజుకి ఒక్క నిమిషం పెరిగితే లండన్‌లో నాలుగు, స్టాక్‌హోమ్‌లో ఐదుకి పైనే, అంటే స్టాక్‌హోమ్‌లో ఉన్న మనవాళ్ళకి వారం తిరిగేసరికి అరగంట పైన వెలుతురు కలిసొస్తుంది. ఉత్తర ధ్రువంలో అయితే అప్పుడు పొడిచిన సూర్యుడు ఆర్నెల్ల దాకా గుంకడు. మనం పుష్యమాసంలో పూసగుచ్చ పొద్దుండదు అనుకుంటాం గానీ అప్పుడు కూడా మనకి 11 గంటల పగలుంటుంది. సిడ్నీలో మార్చి అంటే చలికాలం దగ్గరపడుతున్నట్టు, మనకేమో ఎండాకాలం, అయినా విషువత్తు రోజు వాళ్ళకీ మనకీ పగలు దాదాపు ఒకటే.

ఇంటికి అసలైన తూర్పు ఎటో తెలియాలంటే మాత్రం విషువత్తు రోజుల్లో పొద్దున్నే డాబా ఎక్కి సూర్యుడు పొడిచే చోటు గుర్తు పెట్టుకోండి, ఫోన్‌లో దిక్సూచి స్లాబ్‌లో ఇనుము వల్ల తప్పు చూపించొచ్చు, ఇది చూపించదు.