చిన్న ఊళ్ల కోసం కట్టిన చెక్క విమానం

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వచ్చిన ప్రయాణికుల విమానాల గురించి రాసేవారు సాధారణంగా బోయింగ్ 247, డగ్లస్ డీసీ-2 వంటి లోహపు విమానాలను ముందుంచి, వాటి కాలంలోనే పుట్టిన, బ్రిటిష్ సంస్థ డి హావిలాండ్ కట్టిన డ్రాగన్ రాపిడ్‌ను పాతకాలపు జంట రెక్కల విమానంగా తీసిపారేస్తారు. వడ్రంగం కులవృత్తిగా గల కుటుంబంలో, పర్లాకిమిడిలో పెరిగిన నాకు ఆ తీర్పు అన్యాయమనిపిస్తుంది.

ఆర్థర్ హాగ్ రూపొందించిన ఈ విమానం 1934 ఏప్రిల్ 17న తొలిసారి ఎగిరింది. అదే సంస్థ కట్టిన నాలుగు ఇంజన్ల డీహెచ్ 86 విమానాన్ని రెండు ఇంజన్లకు కుదించగా వచ్చిన రూపమిది. ఇందులో ఆరు నుంచి ఎనిమిది మంది ప్రయాణికులు కూర్చునేవారు, ముక్కు భాగంలో పైలట్ ఒక్కడే ఉండేవాడు. ఒక్కొక్కటి 200 అశ్వశక్తి గల జిప్సీ సిక్స్ ఇంజన్లలో ఆరు సిలిండర్లూ ప్రొపెల్లర్‌ను తిప్పే క్రాంక్‌షాఫ్ట్‌కు కింద వరుసగా వేలాడుతూ ఉంటాయి. అందువల్ల ప్రొపెల్లర్ ఇరుసు ఎత్తులో నిలిచి, గడ్డి మైదానాల్లో దిగినప్పుడు ప్రొపెల్లర్‌కూ నేలకూ మధ్య ఎడం దొరుకుతుంది. ఇంజన్ గాలితోనే చల్లబడుతుంది గనుక రేడియేటర్ బరువు లేదు.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది దాని ఒడలు. లోపల ప్లైవుడ్ పెట్టె, దాని వెలుపల పొడవునా సాగే స్ప్రూస్ కలప బద్దలు, వాటిపై బిగించిన గుడ్డ: ఇంతే నిర్మాణం. చిరిగిన గుడ్డను కుట్టి, దాన్ని బిగుతుగా చేసే డోప్ అనే పూత పూయవచ్చు, విరిగిన బద్దకు ఏటవాలు అతుకు వేయవచ్చు. చెక్క తెలిసిన మంచి పనివాడు ఉన్నచోట అది మళ్లీ ఎగురుతుంది. చివరల వైపు సన్నబడే రెక్కలనూ, చక్రాలను కప్పిన తొడుగులనూ చూస్తే, చౌకగా కట్టడమంటే అందాన్ని వదులుకోవడం కాదని తెలుస్తుంది. 1937 నుంచి కింది రెక్కకు ఫ్లాపులు, అంటే నెమ్మదిగా దిగడానికి కిందికి వంచే పలకలు, అమర్చారు.

1900లో నౌపడా నుంచి మా ఊరికి వచ్చిన రెండున్నర అడుగుల గేజి రైలును మెయిన్ లైన్ కొలతలతో తూచి చిన్నదనడం ఎంత సమంజసమో, రాపిడ్‌ను డీసీ-2తో పోల్చడమూ అంతే. స్కాట్లాండ్‌లోని బార్రా దీవిలో పోటు తగ్గాక బయటపడే ఇసుకతీరమే విమానాశ్రయం. అక్కడ కూడా రాపిడ్‌లు దిగేవి. మన దేశంలో టాటా సంస్థ సైతం వీటిని నడిపింది. యుద్ధకాలంలో డొమినీ పేరుతో బ్రిటిష్ వాయుసేనకు సేవ చేసిన విమానాలు, యుద్ధం ముగిశాక, లోహపు విమానాలు కొనే స్తోమత లేని చిన్న సంస్థల చేతికి వచ్చి మళ్లీ ప్రయాణికులను ఎక్కించుకున్నాయి.