పీవీఏ నానోఫైబర్లలో వెండి: విశాఖ ఉక్కపోతలో ఇప్పటిదాకా

ఎలక్ట్రోస్పిన్నింగ్ చేస్తున్నాను, అంటే పాలిమర్ ద్రావణాన్ని ఎక్కువ వోల్టేజ్‌తో సూది నుంచి లాగి నానోఫైబర్లు, అంటే అతి సన్నటి దారాలు తీయడం. ఉత్త పీవీఏ, అంటే పాలీవినైల్ ఆల్కహాల్‌తో దారం నిలకడగా పడుతోంది కాబట్టి, ఇప్పుడు అందులో వెండి చేర్చాను.

ద్రావణం 100 గ్రాములు, అందులో పీవీఏ 10 గ్రాములు. 99 శాతం హైడ్రోలైజ్ అయిన రకమే, అంటే తయారీలో అసిటేట్ భాగాలు దాదాపు అన్నీ ఆల్కహాల్‌గా మారినదే తీసుకున్నాను. 88 శాతం రకం తేలిగ్గా కరుగుతుంది గానీ, ఆ పొర నీళ్లకు ఆగదు. 90 డిగ్రీల దగ్గర ఉండలు పోయేదాకా తిప్పి, చల్లారాక 0.1 గ్రాము సిల్వర్ నైట్రేట్‌ను కొద్ది నీళ్లలో కరిగించి కలిపాను. డిస్టిల్డ్ వాటరే వాడాలి. కుళాయి నీళ్లలోని క్లోరైడ్ తగిలితే వెండి తెల్లటి మడ్డిగా విడిపోతుంది. వెలుతురు పడకుండా సీసాకు ఫాయిల్ చుట్టాలి, గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు. చర్మం మీద పడితే ఆ నల్లమచ్చ ఒక పట్టాన పోదు.

మొన చదును చేసిన 21 గేజ్ సూది, 15 కిలోవోల్టులు, దారం వచ్చి పడే ఫాయిల్‌కు 12 సెంటీమీటర్ల దూరం, గంటకు 0.4 మిల్లీలీటర్ల ధార. సూది చివర చుక్క కోసుగా సాగి, దాని కొస నుంచి సన్నటి జెట్ కాస్త దూరం తిన్నగా వచ్చి, అక్కడి నుంచి గిర్రున తిరుగుతూ కంటికి ఆనకుండా పోతుంది. పవర్ ఆపినా చార్జ్ మిగిలే ఉంటుంది. ఎర్త్ చేసిన కడ్డీని సూదికి తాకించాకే పెట్టె తెరుస్తాను.

మా ఊళ్లో అసలు టెన్షన్ తేమతోనే. అది 60 శాతం దాటితే దారాలు ఆరకుండానే ఫాయిల్ మీద పడి ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. అక్రిలిక్ పెట్టెలో సిలికా జెల్ పోసి 45 శాతానికి దింపితే గానీ పొర సరిగ్గా రాలేదు. వోల్టేజ్ మార్చేముందు తేమ చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

పొరను 150 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచాను, వంటకు వాడని ఓవెన్‌లో. తెల్లటి పొర లేత పసుపుకు తిరిగింది. పీవీఏయే వెండి అయాన్లను లోహంగా మారుస్తుంది. ఆ నానో కణాలు 400 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతిని పీల్చుకోవడం వల్లే ఆ పసుపు. వేడి చేయని ముక్కను నీళ్లలో వేస్తే ముడుచుకుని జిగురైంది. వేడి చేసింది అలాగే నిలిచింది.

మార్పు పూర్తయిందో లేదో చూడటానికి, పొర కడిగిన నీళ్లలో చిటికెడు ఉప్పు వేశాను. కొంచెం తెల్లమబ్బు కమ్మింది, అంటే ఇంకా వెండి అయాన్లు మిగిలే ఉన్నాయి. వెండి జలచరాలకు హాని చేస్తుంది కనుక ఆ నీళ్లు కాలువలో పోయకుండా, మడ్డి పేరుకునేలా విడిగా దాస్తున్నాను.

మామూలు మైక్రోస్కోప్‌లో పూసలు, అంటే దారం మధ్యలో ఉబ్బిన ఉండలు, లేవని మాత్రం తెలుస్తోంది. దారం మందం కొలవాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి, అందుకే ఆ అంకె రాయడం లేదు. ఈసారి పాళ్లు ఇవే ఉంచి, ఓవెన్ సమయం పెంచి, మళ్లీ ఉప్పు పరీక్ష చేస్తాను.