"ఫిట్" అని ఒక్క ముక్క రాయించుకోవడానికి

మొన్న ఆదివారం మా తమ్ముడు ఆడిన జిల్లా ఆటల పోటీలు అయిపోయాయి. కడుపుమంట ఇంకా చల్లారలేదు, సంతోషం కూడా తగ్గలేదు. అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. రెండు నెలలు పోనిస్తే నేను కూడా అందరిలాగే "ఏదో ఒకలా అయిపోయిందిలెండి" అంటాను.

బుజ్జి నా తమ్ముడు. వయసు ఇరవై మూడు. డౌన్ సిండ్రోమ్. గుంటూరులో అమ్మానాన్నల దగ్గర ఉంటాడు, మా ఇల్లు రెండు వీధుల అవతల. పద్దెనిమిదేళ్లు నిండాక స్పెషల్ స్కూలు ఆగిపోయింది. అప్పటి నుంచి వాడి లోకమంతా సోఫా, టీవీ, అమ్మ కలిపి పెట్టే ముద్ద. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో చాలామందికి థైరాయిడ్ సరిగా పనిచేయదు, వీడికీ అంతే. కండపట్టు కూడా తక్కువ. నాలుగడుగుల పది అంగుళాల మనిషి ఎనభై కిలోలు దాటేశాడు. రాత్రిళ్లు గురక, మేడమెట్లు ఎక్కితే ఆయాసం. "మాత్ర ఒక్కటే వేస్తే చాలదమ్మా, మనిషి కదలాలి" అన్నారు థైరాయిడ్ డాక్టరు.

సరే, ముందు దగ్గర్లో ఉన్న జిమ్‌కి తీసుకెళ్లాం. మర్యాదగానే వద్దన్నారు. "మిగతా మెంబర్లు ఇబ్బంది పడతారు మేడం" అన్నారు. ఏం ఇబ్బందో చెప్పలేదు. ఆ జిమ్ గురించి ఇంతకంటే రాస్తే నా బీపీ పెరుగుతుంది.

వాడి పాత స్కూలు పీఈటీ మాస్టారు కూరగాయల మార్కెట్లో కనబడి, స్పెషల్ ఒలింపిక్స్ భారత్‌లో చేర్పించండి అన్నారు. అది బడి పిల్లలకే అనుకున్నాం. ఎనిమిదేళ్లు నిండితే చాలట, పైన వయసు పరిమితి లేదట, ఫీజు కూడా లేదట. బంధువులకు చెప్తే "వీల్‌చైర్ల వాళ్ల ఆటలా?" అని అడిగారు. అవి పారాలింపిక్స్. ఇవి బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం 1968లో అమెరికాలో యూనిస్ కెనెడీ ష్రైవర్ మొదలుపెట్టినవి. ఇందులో ఏడాది పొడుగునా ప్రాక్టీసు, మధ్యమధ్యలో ఉచిత ఆరోగ్య పరీక్షలు ఉంటాయి. పతకాల కోసం కాకపోయినా వీటికోసం చేరొచ్చు అన్నారు మాస్టారు.

యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు), ఆధార్, ఫొటోలు, నాన్న సంతకం. ఇవన్నీ ఒక్క పూటలో అయిపోయాయి. మిగిలింది మెడికల్ ఫారం.

ఈ ఫారం గురించి కొంచెం చెప్పాలి. గుండె జబ్బు ఉందా, ఫిట్స్ వస్తాయా, ఏ మందులు వాడుతున్నారు, ఎండ తట్టుకుంటారా అని చాలా అడుగుతారు. డౌన్ సిండ్రోమ్ ఉంటే ఇంకో భాగం ఉంటుంది. మెడలో పైనున్న రెండు ఎముకల మధ్య పట్టు వీళ్లలో కొందరికి వదులుగా ఉంటుంది. తల గట్టిగా వంగితే వెన్నుపాము నొక్కుకునే ప్రమాదం. అందుకే కొత్తగా కాళ్లూ చేతులూ బలం తగ్గాయా, నడక మారిందా, మూత్రం ఆపుకోలేకపోతున్నారా, మెడ ఒక పక్కకు వాలుతోందా అని డాక్టరు చూసి రాయాలి. అనుమానం ఉంటే జిమ్నాస్టిక్స్, డైవింగ్, బరువులెత్తడం లాంటివి వద్దంటారు. ఆలోచించి తయారుచేసిన ఫారం అది. చదివితే అర్థమవుతుంది. చదవాలి, అంతే.

మాకు ముందే ఎక్స్‌రే కూడా తీయించుకోమన్నారు, తీయించాం. అక్కడి టెక్నీషియన్ కుర్రాడికి చేతులెత్తి దండం పెట్టాలి. గడ్డం గుండెకు ఆనించమంటే బుజ్జి చేతులు జోడించి కళ్లు మూసుకున్నాడు, పూజ అనుకున్నాడు. మెళ్లో ఆంజనేయస్వామి బిళ్ల తీయనన్నాడు. "తమ్ముడూ, బిళ్ల నా జేబులో పెడతా, నువ్వే మళ్లీ తీసుకుందువు గాని. ఇప్పుడు ఫ్యాను చూడు, ఎన్ని రెక్కలున్నాయో లెక్కపెట్టు" అన్నాడు. వీడు తల వెనక్కి వాల్చి మూడు అన్నాడు, అక్కడితో ఎక్స్‌రే అయిపోయింది. మెడ బాగానే ఉందని రిపోర్టు వచ్చింది. చిన్నప్పుడు గుండెలో రంధ్రానికి ఆపరేషన్ అయింది కాబట్టి ఎకో కూడా తీయించాం, గుండె డాక్టరు ఆడుకోవచ్చని లెటర్ రాసిచ్చారు. ఇక సంతకమే కదా అనుకున్నాం.

మాకు సాయం చేస్తానని ముందుకొచ్చిన ఒక పెద్దమనిషి "గవర్నమెంటు ముద్ర ఉంటేనే చెల్లుతుందమ్మా" అన్నాడు. ఆయన మాట పట్టుకుని ఒక పెద్దాసుపత్రికి వెళ్లాం. ఓపీ చీటీ, లైను, మా వంతు. బుజ్జికి పరిచయం లేని మనిషి కనబడితే నమస్కారం పెట్టడం అలవాటు. "నమస్కారం డాక్టరు గారూ" అన్నాడు. ఆయన తలెత్తలేదు. వీడు ఇంకాస్త గట్టిగా మళ్లీ అన్నాడు. ఆయన నావైపు చూసి "కొడతాడా?" అని అడిగారు. వెనక లైన్లో ఎవరో నవ్వారు.

"లేదు సార్, నమస్కారం పెడుతున్నాడు."

"ఎందుకమ్మా వీడికి ఆటలు? ఇంట్లో జాగ్రత్తగా చూసుకోక."

బరువు గురించి చెప్పాను, థైరాయిడ్ గురించి చెప్పాను. ఎక్స్‌రే కవరు, ఎకో రిపోర్టు బల్ల మీద పెట్టాను. ఆయన కవరు విప్పలేదు. స్టెతస్కోపు మెళ్లోనే ఉంది, వీడి గుండె మీద పెట్టలేదు. ఫారం మొదటి పేజీలో "ఇంటెలెక్చువల్ డిజబిలిటీ" అన్న చోట వేలు ఆగింది. ఎర్ర పెన్ను తీసుకుని పేజీకి అడ్డంగా, ఈ మూల నుంచి ఆ మూల దాకా, "ఎం.ఆర్. అన్‌ఫిట్" అని రాసి కింద గీత గీశారు. ఎం.ఆర్. అంటే మెంటల్లీ రిటార్డెడ్. ఆ అక్షరాల కింద వాడి పేరు కూడా కనబడకుండా పోయింది. బుజ్జి ఆ కాగితం చేతిలోకి తీసుకుని "థ్యాంక్యూ సార్" అన్నాడు. వాడికి సంతకం అయిపోయినట్టే లెక్క.

బయటికొచ్చి నేను బెంచీ మీద కూలబడ్డాను. ఏడ్చానని రాయడానికి సిగ్గేం లేదు. నాన్న మాత్రం కాగితం మడిచి జేబులో పెట్టుకుని "వేరే ఫారం తెద్దాం పద" అన్నారు.

వేరే ఫారంతో వెళ్తే సైకియాట్రీకి పొమ్మన్నారు. వాళ్లు "మాకేం సంబంధం, ఎముకల డాక్టరు చూడాలి" అన్నారు. ఎముకల డాక్టరు పాపం ఎక్స్‌రే వెలుతురులో పెట్టి చూశారు, మెడ బాగుందన్నారు, కానీ సంతకం తన పని కాదన్నారు. చివరికి ఆఫీసులో ఒక గుమాస్తా. అసలు చిక్కేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పింది ఆయనొక్కడే, ఆ మాటకొస్తే.

"అమ్మా, సదరం వైకల్య సర్టిఫికెట్‌లో ఇతనికి 75 శాతం వైకల్యం అని రాసుంది. ఇప్పుడు ఫిట్ అని మా ముద్ర వేసిస్తే రేపు ఆడిట్‌లో అడుగుతారు. వికలాంగుడైతే ఫిట్ ఎలా, ఫిట్ అయితే వికలాంగుడు ఎలా? రెంట్లో ఏదో ఒకటే ఉండాలి." గొంతు తగ్గించి ఇంకో మాట కూడా అన్నాడు. "అసలే పింఛన్ల తనిఖీ జరుగుతోంది. ఆటల్లో మెడల్ కొట్టాడని పేపర్లో వస్తే ఆరు వేలూ పోతాయి. ఆలోచించుకోండి."

ఆ ఆఖరి మాట మా వీధిలో కూడా పాకిపోయింది. అమ్మ రెండు రోజులు అన్నం సరిగా తినలేదు, ఆటలు మానిపించేద్దామంది. ఇలాంటి భయంతోనే పిల్లల్ని గడప దాటనివ్వని ఇళ్లు ఎన్నున్నాయో. ఆ 75 శాతం అనేది కాళ్లకో గుండెకో వేసిన మార్కు కాదు. తెలివి పరీక్షలో, రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకుంటాడనే పరీక్షలో వచ్చిన దాన్ని బట్టి వేస్తారు. ఓ మాదిరి స్థాయికి 75, తక్కువ స్థాయికి 50, తీవ్రమైతే 90. చొక్కా గుండీలు పెట్టుకోవడం, చిల్లర లెక్క చూసుకోవడం, ఒంటరిగా బజారుకెళ్లి రావడం లాంటివి అందులో చూస్తారు. వాడు వంద మీటర్లు నడిచినంత మాత్రాన చిల్లర లెక్క రాదు కదా! 2023లో బెర్లిన్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో మనవాళ్లు 202 పతకాలు తెచ్చారు, అందులో 76 బంగారువి. వాళ్లూ బుద్ధిమాంద్యం ఉన్నవాళ్లే, వాళ్లకూ ఎవరో ఒక డాక్టరు ఆడొచ్చని రాసే ఉంటారు కదా అని గుమాస్తాతో అన్నాను. "అవన్నీ నాకు తెలీదమ్మా" అన్నాడు. నిజమే, మా వీధిలోనూ ఎవరికీ తెలీదు. క్రికెట్లో ఎవరి మోకాలు నొప్పో మాత్రం అందరికీ తెలుసు.

మళ్లీ పీఈటీ మాస్టారికే ఫోన్ చేశాను. ఆయన నవ్వి, "గవర్నమెంటు ముద్ర అని ఎవరు చెప్పారమ్మా? రిజిస్టర్డ్ డాక్టరైతే చాలు" అన్నారు. ఆ పెద్దమనిషి ఎదురుపడితే నేనిప్పుడు రోడ్డు అవతలికి వెళ్తున్నాను, లేకపోతే నోరు జారుతుంది.

చిన్నప్పటి నుంచి బుజ్జిని చూసిన పిల్లల డాక్టరుగారి క్లినిక్ ఇంకా ఉంది. "ఇరవై మూడేళ్లవాణ్ని నా దగ్గరికి తెచ్చావేమ్మా" అంటూనే ఫారం మొత్తం చదివారు. మోకాలి మీద సుత్తితో కొట్టి చూశారు, వేళ్లు గట్టిగా పట్టుకోమన్నారు, గీత మీద నడిపించారు, బీపీ చూశారు. ప్రతి గడీ నింపి, బోచీ అనే బంతులాట, నడక ఆడొచ్చు, బరువులెత్తడం వద్దు అని రాసి సంతకం పెట్టారు. ఫీజు తీసుకోలేదు. మీకు చెప్పేదొకటే, పిల్లాణ్ని ఎరిగిన డాక్టరు దగ్గరికే ముందు వెళ్లండి. పేరున్న ఆసుపత్రి, పెద్ద బోర్డు, ఇవేవీ చూడొద్దు. ఫారం నాలుగు జిరాక్సులు దగ్గర పెట్టుకోండి, ఎర్ర పెన్నులు చాలాచోట్ల ఉంటాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా చేయించకపోతే అది కూడా చేయించండి. ఏడాదికి లక్ష రూపాయల దాకా, ముందు వైద్య పరీక్షలేమీ అడగరు.

ఆ తర్వాత అంతా హాయి. పొద్దున్నే గ్రౌండు. బోచీ అంటే ముందు ఒక చిన్న బంతి విసిరి, పెద్ద బంతుల్ని దాని దగ్గరికి దొర్లించడం. మన గోలీలాటే పెద్దగా చేసి ఆడినట్టుంటుంది. మొదటి వారం రెండో రౌండుకే కూలబడేవాడు, ఇప్పుడు ప్రాక్టీసు అయ్యాక నడిచే ఇంటికి వద్దామంటాడు. అమ్మ ముద్దలు కూడా చిన్నవయ్యాయి, కోచ్ మాటంటే అమ్మకు వేదం. నేను ఇన్నేళ్లు చెప్పినప్పుడు మాత్రం కాదు.

మధ్యలో ఆరోగ్య శిబిరం ఒకటి పెట్టారు. కళ్లు, పళ్లు, పాదాలు, చెవులు అన్నీ చూశారు. బుజ్జి రెండు చెవుల్లోనూ గులిమి గడ్డకట్టి ఉంది. డౌన్ సిండ్రోమ్ వాళ్లకు చెవి దారి సన్నగా ఉంటుంది కాబట్టి ఇలా అవుతుందని అక్కడి అమ్మాయి చెప్పింది. చుక్కలు వేసి ఈఎన్‌టీ దగ్గర తీయించాం. ఆ రాత్రి టీవీ సౌండు వాడే తగ్గించాడు. రెండేళ్లుగా వీడు మొండికేస్తున్నాడని తేల్చేసిన చుట్టాలందరికీ నేనే స్వయంగా ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాను. షూ కూడా రెండు సైజులు పొడవైనవి వేస్తున్నామట. పాదం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది, వెడల్పు కోసం పెద్ద సైజు కొనేశాం.

పోటీల్లో ఇంకో గొడవ. ఇక్కడ ముందు ట్రయల్ పెట్టి, దాదాపు ఒకే వేగం ఉన్నవాళ్లను ఒక గుంపుగా చేస్తారు. ట్రయల్లో కావాలని నెమ్మదిగా నడిచి ఫైనల్లో దూసుకుపోతే ఒప్పుకోరు, పదిహేను శాతం దాటి తేడా వస్తే తీసేయొచ్చు. మావాడు ట్రయల్ నడకలో పక్క ట్రాకులవాళ్లందరికీ నమస్కారాలు పెట్టుకుంటూ వెళ్లాడు. కోచ్ తల పట్టుకున్నాడు. మళ్లీ ట్రయల్ పెట్టించుకుని, "నమస్కారాలు గీత దాటాక" అని చెప్తే విన్నాడు. ఫైనల్లో మూడో స్థానం. బోచీలో రెండో స్థానం. పింఛను కూడా ఎప్పటిలాగే వచ్చింది, ఆ గుమాస్తా చదివితే బాగుండు.

ఇప్పుడు మా అబ్బాయి, పదో తరగతి, బుజ్జి మామతో కలిసి యూనిఫైడ్ బోచీ ఆడతానన్నాడు. ఆ జట్టులో వైకల్యం ఉన్నవాళ్లు, లేనివాళ్లు కలిసి ఆడతారు. వాడి స్కూలు వాళ్లు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. మా ఆయన ఆఫీసుకెళ్తూ దారిలో ఉంది కదా అని ఆ పెద్దాసుపత్రికే తీసుకెళ్లారట. అదే గది, అదే డాక్టరు. తలెత్తకుండా "ఏ క్లాసు?" అని అడిగి, "ఫిట్" అని రాసి ముద్ర వేసి ఇచ్చేశారట. మా అబ్బాయికి ఆస్తమా ఉంది, జేబులో ఇన్‌హేలర్ పెట్టుకుని తిరుగుతాడు. సోమవారం ఇద్దర్నీ తీసుకుని మళ్లీ పిల్లల డాక్టరు దగ్గరికే వెళ్తున్నాను.