80లో స్టీరింగ్ అదురు, ఘాట్‌లో బ్రేక్ కొట్టుకోవడం: మా పాత కారుతో నా అనుభవం

మాది 2009 మోడల్ పెట్రోల్ కారు. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ము బ్రేకులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) లేదు. నాన్న కొన్న బండి, ఇంజిన్ ఇప్పటికీ శుభ్రంగా ఉంది కాబట్టి అమ్మే ఆలోచన ఇంట్లో ఎవరికీ లేదు. కొంతకాలంగా దీనితో రెండు ఇబ్బందులు. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్ళే హైవేలో 80 దగ్గరికి రాగానే స్టీరింగ్ అటూ ఇటూ అదరడం మొదలయ్యేది, 100 దాటితే కాస్త సర్దుకున్నట్టు ఉండేది. ఇక తిరుమల నుంచి దిగేటప్పుడు బ్రేక్ మీద కాలు పెడితే పెడల్ లోపలి నుంచి ఎవరో తడుతున్నట్టు కొట్టుకునేది, దాంతోపాటే స్టీరింగ్ కూడా ఊగేది. అమ్మ వెనక సీట్లో కూర్చుని గోవిందా గోవిందా అంటుంటే నాకు చేతులు చెమటలు పట్టేవి.

ఒక షాపులో అలైన్‌మెంట్ (చక్రాలు నిలబడే కోణం) పోయిందన్నారు. ఇంకో చోట చూడకుండానే డిస్కులు (చక్రంతో పాటు తిరిగే బ్రేక్ పళ్ళేలు) బెండ్ అయ్యాయి, వాటిని రెండు వైపులా నొక్కి పట్టే ప్యాడ్లతో సహా మార్చేయాలన్నారు. నాకు రెండూ నచ్చలేదు. అలైన్‌మెంట్ తప్పితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైర్లు ఒక అంచున అరుగుతాయి, అంతేగానీ ఒక స్పీడులో మాత్రమే వచ్చి పోయే అదురు దానివల్ల రాదు. అందుకే ముందు ఈ రెండూ ఒకే కారణంతో వస్తున్నాయా, వేరువేరా అన్నది తేల్చుకోవాలనుకున్నాను. ఒకటి బ్రేక్ ముట్టకపోయినా వస్తోంది, రెండోది బ్రేక్ వేస్తేనే వస్తోంది. ఇది రాసి పెట్టుకుని రేణిగుంట రోడ్డులో పాత బండ్లు చూసే ఒక భాయ్ దగ్గరికి వెళ్ళాను. చిన్న షెడ్డు, కానీ ఊపు కొలిచే డయల్ గేజ్, మందం కొలిచే మైక్రోమీటర్ రెండూ ఉన్నాయి. నాకు ఆ నమ్మకం చాలు.

స్పీడు అదురు సంగతి త్వరగానే తేలింది. ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి హైవే మీద నడిపితే స్టీరింగ్ నెమ్మదించింది, అదురు సీటు కిందికి వెళ్ళింది. అంటే తేడా చక్రంలోనే ఉంది, ముందు చక్రాల దగ్గరి కీళ్ళయిన స్టీరింగ్ ఎండ్‌లో, బాల్ జాయింట్‌లో కాదు. బ్యాలెన్సింగ్ మెషిన్ మీద పెట్టి బరువులు కొడితే రెండు వైపులా సున్నా చూపించింది, అయినా అదురు పోలేదు. అప్పుడు భాయ్ "తూకం సరే నా, గుండ్రంగా ఉందా లేదా సూస్తివా?" అన్నాడు. చక్రాన్ని జాకీ మీద లేపి, కింద స్టాండు పెట్టి, టైరుకు వెంట్రుకవాసి దూరంలో స్క్రూడ్రైవర్ ఆనించి మెల్లగా తిప్పాడు. ఒక్క చోట మాత్రం రబ్బరు ఎగిరి స్క్రూడ్రైవర్‌కు తగులుతోంది. లోపల స్టీలు బెల్టు ఊడి ఉబ్బింది. మెషిన్ బరువు తేడా చూపిస్తుంది, దాన్ని సీసం ముక్కతో సరిచేయొచ్చు, కానీ గుండ్రం తప్పిన టైరును ఏ బరువూ సరిచేయలేదు. టైరు పక్కన నాలుగు అంకెలు 1816 అని ఉన్నాయి, అంటే 2016లో 18వ వారంలో తయారైంది. గాడి ఇంకా మిగిలి ఉంది కాబట్టి బాగానే ఉందనుకునే రకం టైరు. ఇలాంటిది హైవేలో పగిలితే ఏమవుతుందో తలచుకుంటేనే భయం వేసింది. ఆ జత రెండూ మార్చేశాం, స్పీడు అదురు ఆ రోజుతో పోయింది.

బ్రేక్ సంగతే అసలు కథ.

ముందా వెనకా అని తెలుసుకోవడానికి ఖాళీ రోడ్డు చూసుకుని 30, 40 స్పీడులో హ్యాండ్‌బ్రేక్ లివర్ బటన్ వదలకుండా నొక్కి పట్టుకుని నెమ్మదిగా లాగాను. హ్యాండ్‌బ్రేక్ వెనక డ్రమ్ముల మీదే పనిచేస్తుంది కాబట్టి డ్రమ్ములు గుండ్రం తప్పి ఉంటే అక్కడే తెలిసిపోవాలి. బండి నున్నగా ఆగింది. వెనకది కాదు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని కదిపితే బేరింగ్ ఆడడం లేదు, ఎడమా కుడీ పట్టుకుని కదిపినా గట్టిగానే ఉంది.

తర్వాత చక్రం విప్పి, డిస్కును వాషర్లు వేసి నట్లతో బిగించి డయల్ గేజ్ పెట్టాడు. ఎడమ డిస్కు తిరుగుతుంటే ముల్లు 0.18 మిల్లీమీటర్లు ఊగింది. మా బండి మాన్యువల్‌లో ఉండవలసింది 0.1 లోపు. కుడిది బాగానే ఉంది. మైక్రోమీటర్‌తో ఎడమ డిస్కు చుట్టూ మందం కొలిస్తే ఒక చోటికీ ఇంకో చోటికీ 0.04 తేడా. కంటికి కనపడదు, గోటికి తగలదు, కానీ కాలికి తెలుస్తుంది. ప్యాడ్ల మధ్య మందంగా ఉన్న చోటు వచ్చినప్పుడల్లా ప్యాడ్‌ను నొక్కే పిస్టన్ వెనక్కి నెట్టబడుతుంది, ఆ తోపుడు బ్రేక్ ఆయిల్ ద్వారా పెడల్‌కు చేరుతుంది.

నాకు బాగా అర్థమైంది ఇక్కడే. డిస్కు విప్పితే దాని వెనక, డిస్కూ చక్రమూ బిగించే హబ్ ముఖం మీద తుప్పు పెచ్చు కట్టి ఉంది. ఆ పెచ్చు వల్ల డిస్కు కాస్త వాలుగా కూర్చుంది. వాలుగా కూర్చున్నంత మాత్రాన వెంటనే కొట్టుకోదు, ప్యాడ్లను పట్టుకుని ఉండే కాలిపర్ తన పిన్నుల మీద అటూ ఇటూ జరిగి సర్దుకుంటుంది. కానీ బ్రేక్ వేయనప్పుడు కూడా డిస్కులో ఎత్తుగా ఉన్న చోటు ప్రతి చుట్టుకూ ప్యాడ్‌కు రాసుకుంటుంది. రాసుకుని రాసుకుని అక్కడ పలచబడుతుంది, కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత మనకు తెలుస్తుంది. హబ్ తుడవకుండా కొత్త డిస్కు వేస్తే మొదట్లో అద్భుతంగా ఉండి కొన్ని నెలలకు మళ్ళీ అదే మొదలవడానికి కారణం ఇదే. పైగా మా ఎడమ కాలిపర్‌లో ఒక పిన్ను ఎండిపోయి బిగుసుకుంది, అది సర్దుకునే అవకాశం కూడా లేకుండా చేసింది.

ఘాట్ రోడ్డు దీనికి తోడైంది. 1944లో వేసిన పాత ఘాట్ ఇప్పుడు దిగడానికి మాత్రమే వాడతారు, 40 నిమిషాలకన్నా ముందే కిందికి రాకూడదన్న నియమం ఉంది. రెండో గేరులో దిగుతూ అవసరమైనప్పుడే బ్రేక్ వేస్తే చాలు. చాలామంది న్యూట్రల్‌లోనో నాలుగో గేరులోనో వదిలి, కాలు బ్రేక్ మీద నుంచి తీయకుండా దిగుతారు, అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. డిస్కు బాగా వేడెక్కి ఉన్నప్పుడు బండి ఆపి పెడల్ గట్టిగా తొక్కి పట్టుకుంటే ప్యాడ్ పదార్థం ఆ ఒక్క చోట అంటుకుంటుంది, దానివల్ల కూడా ఇలాగే కొట్టుకుంటుంది. అందరూ బెండ్ అనేదాంట్లో చాలావరకు మందం తేడానో, ఇలా అంటుకున్న ప్యాడ్ మచ్చో అయి ఉంటుంది.

హబ్‌ను వైరు బ్రష్‌తో, ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది అదే పాత డిస్కు పెడితే ఊపు 0.06కి తగ్గింది. ఏమీ మార్చకుండానే! కానీ అరిగిన మందం తిరిగి రాదు కదా. లేత్ మెషిన్ మీద పెట్టి చదును పట్టిద్దామంటే డిస్కు అంచున రాసి ఉన్న కనీస మందానికి దగ్గరగా ఉంది, పట్టిస్తే దానికన్నా కిందికి పోతుంది. కాబట్టి రెండు వైపులా కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు. పిన్నులకు సిలికాన్ గ్రీజు పెట్టాడు, మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బుతుంది. కొత్త డిస్కు మీది నూనె పూత క్లీనర్‌తో తుడిచి మళ్ళీ గేజ్ పెడితే ఎడమ వైపు 0.08. లిమిట్ లోపే ఉంది, నేనైతే సరే అనేవాణ్ణి, ఆయన ఊరుకోలేదు. డిస్కును ఒక బోల్టు రంధ్రం పక్కకు తిప్పి బిగించాడు, 0.03కి వచ్చింది. నట్లు గాలి గన్‌తో కాకుండా చేత్తో, ఎదురెదురుగా, బిగింపు బలం (టార్క్) కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాడు. గన్‌తో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ బిగిస్తే కొత్త డిస్కు కూడా వంకరగా కూర్చుంటుందట.

అక్కడి నుంచి ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 10 దాకా మెల్లగా తగ్గించడం, పూర్తిగా ఆపకుండా మళ్ళీ స్పీడు అందుకోవడం, ఇలా ప్యాడ్లు కుదురుకునేదాకా చేసి చల్లారనిచ్చాను. ఆ వారమే కొండకు వెళ్ళి దిగాం, మలుపుల్లో పెడల్ ఎక్కడా కొట్టుకోలేదు, అమ్మ సగం దారిలోనే నిద్రపోయింది. 100 కిలోమీటర్లు తిరిగాక నట్ల టార్క్ మరోసారి చూపించాను. ఎడమ చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లో చిన్న పగుళ్ళు కనపడ్డాయి, ఇప్పుడప్పుడే పరవాలేదన్నాడు భాయ్, వచ్చే సర్వీసులో దాన్ని మార్పించాలి.